బ్యారెల్ ముందా, స్కోప్ ముందా?

విశాఖపట్నం నుంచి ఈ మాసం గురిక్రీడ శీర్షికకు అందిన ఉత్తరాలలో నాలుగు, దూరపు లక్ష్యాల కోసం భాగాలు ఎంచుకుని కూర్పించుకునే రైఫిల్ గురించే ఉన్నాయి. ఒకదాని జవాబు మరొకదానికి అవసరమవుతుంది కాబట్టి నాలుగింటినీ ఒకేచోట తీసుకుంటున్నాను.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఆరేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, మూడేళ్లుగా క్లబ్బు రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చేది) కాలుస్తున్నాను. క్రీడాకారుల వర్గంలో లైసెన్సుకు దరఖాస్తు చేశాను. 300 మీటర్లకు, వీలైతే ఇంకా దూరానికి పనికివచ్చే రైఫిల్‌ను నాకు తగినట్టు కూర్పించుకోవాలని ఉంది. యాక్షన్ (తూటాను లోపలికి నెట్టి పేల్చే యంత్రభాగం), బ్యారెల్, స్టాక్ (భుజానికి, చెంపకు ఆనే దిమ్మ), ట్రిగ్గర్, స్కోప్ అని అయిదు పద్దులు రాసుకున్నాను. డబ్బు పరిమితం. దేనికి ఎక్కువ కేటాయించమంటారు? (ఉక్కునగరం నుంచి ఒక ఇంజనీరు)

జవాబు: మీ అయిదు పద్దులలో తూటా లేదండీ. మన దేశంలో దూరపు రైఫిల్ ఎంపిక మొదలు కావలసింది అక్కడే.

విదేశాలలో ఈ క్రీడలో ఉన్నవారు చాలామంది ఖాళీ గొట్టం, మందు, గుండు విడివిడిగా కొని, తమ బ్యారెల్‌కు నప్పే తూటాను ఇంట్లోనే తయారు చేసుకుంటారు. వారు ఇచ్చే సలహాలన్నిటి వెనుకా ఆ వెసులుబాటు ఉంటుంది. మనకు తూటాల తయారీ లైసెన్సు లేకుండా అది చేయకూడదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మ్యాచ్ (పోటీ స్థాయి) తూటాలనే, లైసెన్సులో రాసిన పరిమితికి లోబడి కొనుక్కోవాలి, వాటిలోనూ మంచివి దిగుమతి సరుకే. అందువల్ల ఏ బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) గొప్పదన్న ప్రశ్నకు ముందు, ఏ బోరు తూటా మీకు ఏటేటా, ఒకే రకంలో, సాధనకు చాలినంతగా చట్టబద్ధంగా దొరుకుతుందో విచారించండి. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ దూరానికి చక్కని తూటా అనడంలో సందేహం లేదు, కానీ ఏడాదికి నాలుగు పెట్టెలైనా చేతికి రాకపోతే ఎంత ఖరీదైన బ్యారెల్ అయినా బీరువాలో పడి ఉండవలసిందే. పైగా .303, 7.62 మిల్లీమీటర్ల వంటి సైనిక బోర్లు పౌరులకు నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. సైనిక తూటాకు దగ్గరి కొలతలున్న .308 వంటివాటిపై మనసు పడేముందు లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గర లిఖితపూర్వకంగా స్పష్టత తీసుకోండి. డబ్బు కట్టిన తరువాత అడిగే ప్రశ్న కాదది.

రెండో మాట, మీరు ఏ పోటీలో నిలబడబోతున్నారన్నది. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం 300 మీటర్ల రైఫిల్ పోటీలో బోరు 8 మిల్లీమీటర్లు దాటకూడదు, స్కోప్ పెట్టుకోకూడదు, సన్నని రంధ్రంలోంచి చూసే అపెర్చర్ సైట్‌తోనే గురి చూడాలి. అందులోని స్టాండర్డ్ రైఫిల్ విభాగంలో ట్రిగ్గర్ కనీసం 1500 గ్రాముల బరువు మోయాలి. ఎఫ్-క్లాస్ పోటీ దీనికి పూర్తిగా భిన్నమైనది: రైఫిల్‌ను కింద ఆనించి, స్కోప్‌తో, 1000 గజాల దాకా కాలుస్తారు. అందులో ఎఫ్-టీఆర్ విభాగానికి .223, .308 తూటాలు మాత్రమే అనుమతిస్తారు, బైపాడ్‌తో (రెండు కాళ్ల ఆనికతో) కలిపి బరువు 8.25 కిలోలకు మించకూడదు. ఓపెన్ విభాగంలో 10 కిలోల వరకు ఉండవచ్చు. ఒక పోటీ కోసం కూర్చిన రైఫిల్‌ను మరొక పోటీకి తీసుకువెళితే పరికరాల తనిఖీ దగ్గరే వెనక్కి పంపుతారు. మీ జాబితాలో స్కోప్ ఉంది, లక్ష్యంగా 300 మీటర్లు ఉంది. ఈ రెండూ సమాఖ్య వారి 300 మీటర్ల పోటీలో ఇమడవని గమనించారా?

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. నేను కొత్తవారితో తప్పకుండా వేయించే లెక్క ఇది. 50 మీటర్ల లక్ష్యంలో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, 300 మీటర్ల లక్ష్యంలో 100 మిల్లీమీటర్లు. షూటర్లు కోణాన్ని మినిట్లలో కొలుస్తారు. డిగ్రీలో అరవయ్యో వంతైన ఒక మినిట్, 100 మీటర్ల దగ్గర సుమారు 29 మిల్లీమీటర్లవుతుంది. ఆ కొలతతో చూస్తే 50 మీటర్ల పది 0.7 మినిట్, 300 మీటర్ల పది 1.15 మినిట్. అంటే మీరు మూడేళ్లుగా కాలుస్తున్న లక్ష్యమే కోణంలో చిన్నది! దూరం పెరిగినప్పుడు నిజంగా కొత్తగా ఎదురయ్యేవి గాలి, తూటా ఎదురుదెబ్బ, ఖర్చు. ఈ మూడింటిలో గాలిని చదవడం మీరు 50 మీటర్లకు వాడే .22 రైఫిల్‌తోనే నేర్చుకోవచ్చు. శబ్దవేగానికి కాస్త లోబడి వెళ్లే ఆ చిన్న గుండును తేలికపాటి పక్కగాలి కూడా 50 మీటర్లలోనే పదిలోంచి తొమ్మిదిలోకి నెట్టేస్తుంది.

కాబట్టి మీ డబ్బు పరిమితమన్నారు గనుక నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను: మీ మొదటి సొంత రైఫిల్ .22 మ్యాచ్ రైఫిల్ కావాలి, దానినే మీకు తగినట్టు కూర్పించుకోండి. 300 మీటర్ల రైఫిల్‌కు రేంజ్ కూడా ప్రయాణం చేసి వెతుక్కోవాలి. ఏడాదిలో ఎన్నిసార్లు కాల్చగలరో ముందే లెక్క వేసుకుని, ఆ తరువాత నిర్ణయించుకోండి.

ఇక భాగాల విషయానికి వద్దాం. ఏ బోరుకైనా నేను మొదటి డబ్బు బ్యారెల్‌కే పెడతాను. లోపలి గాడులను కోసి తీసే పద్ధతి, బటన్ లాగి ఒత్తే పద్ధతి, సుత్తి యంత్రంతో కొట్టి దింపే పద్ధతి అని మూడు ప్రధానంగా ఉన్నాయి. మొదటి రెండింటిలోనూ ప్రపంచ స్థాయి బ్యారెళ్లు వస్తున్నాయి కాబట్టి ఆ వాదంలో కాలం గడపవద్దు. చూడవలసింది ట్విస్ట్, అంటే గుండు ఒక చుట్టు తిరగడానికి పట్టే పొడవు. పొడవైన గుండు నిలకడగా ఎగరడానికి ఎక్కువ వేగంగా తిరగాలి. అందుకే .22 తూటాకు 16 అంగుళాలకు ఒక చుట్టు సరిపోతే, 6.5 మిల్లీమీటర్లలో 140 గ్రెయిన్ల పొడవాటి గుండుకు 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. మీకు దొరికే తూటాలోని గుండు బరువు తెలియకుండా ట్విస్ట్ ఎంచుకోలేరు. తూటాతో మొదలుపెట్టమన్నది ఇందుకే. బ్యారెల్ అరిగిపోయే వస్తువు కూడా. వేడి వాయువులు ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందరి గొంతును తినేస్తాయి. 6.5 క్రీడ్‌మోర్ బ్యారెల్ పోటీ స్థాయి గురిని రెండు మూడు వేల గుండ్ల వరకు నిలుపుకుంటుంది, .308 అంతకంటే చాలా ఎక్కువ కాలం మన్నుతుంది. .22 బ్యారెల్ విషయంలో ఆ చింతే పెద్దగా అక్కరలేదు.

.22లో బ్యారెల్ తరువాతి ఖర్చు తూటాల లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) పరీక్ష. ఒకే కంపెనీ, ఒకే రంగు పెట్టె అయినా లాట్ నంబరు మారితే మీ బ్యారెల్ వేరేగా మాట్లాడుతుంది. ఎలీ, లపువా వంటి తయారీదారులు రైఫిల్‌ను బిగించి లాట్లు పోల్చి చూసే పరీక్ష కేంద్రాలు నడుపుతున్నారంటే ఆ తేడా ఎంతటిదో ఊహించండి. కనీసం నాలుగైదు లాట్లు చిన్న మొత్తాల్లో తెచ్చుకుని, ఒక్కోదానికి పది గుండ్ల గ్రూపులు నాలుగు కాల్చి చూసి, నప్పిన లాట్‌నే సీజనంతటికీ కొనండి.

యాక్షన్ గట్టిగా, బోల్ట్ (తూటా వెనుక మూసే గడియ) నిటారుగా కూర్చునేదిగా ఉంటే చాలు. .22లో ఆన్షూట్జ్ 54 తరహా యాక్షన్లు దశాబ్దాలుగా నిరూపించుకున్నవి, వాటికి స్టాకులు, సైట్లు, విడిభాగాలు వెతుక్కోనక్కరలేదు. స్టాక్‌లో అందం చూడకండి. భుజానికి ఆనే బట్‌ప్లేట్ పొడవు, చెంప ఆనే చీక్‌పీస్ ఎత్తు, చేతి ఆనిక మీ శరీరానికి తగినట్టు జరుపుకోగలిగేదై ఉండాలి. మెడ బిగపట్టకుండా, కళ్లు మూసి రైఫిల్ భుజానికి ఆనించి కళ్లు తెరిస్తే సైట్ మధ్యలో లక్ష్యం కనిపించాలి. అది కుదరని స్టాక్‌పై ఎంత గొప్ప బ్యారెల్ పెట్టినా ప్రయోజనం ఉండదు. ట్రిగ్గర్‌కు రెండు దశలది తీసుకోండి, అంతకు మించి ఆలోచన వద్దు.

ప్రశ్న: నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ పొందాను. స్కోప్‌తో కాల్చే దూరపు పోటీలు నాకు ఇష్టం. 25 రెట్లు పెంచి చూపే స్కోప్, దాని కింద 20 మినిట్ల వాలు ఉన్న బేస్ తీసుకోమని ఒక మిత్రుడు చెప్పారు. రెండూ అవసరమా? (సీతమ్మధార)

జవాబు: 20 మినిట్ల వాలు బేస్ స్కోప్‌ను ముందుకు కొద్దిగా వంచుతుంది. దానివల్ల గుండు ఎక్కువగా కిందికి జారే దూరాలలో పైకి సవరించడానికి టరెట్‌లో (గురిని సవరించే మరలో) మరింత జాగా మిగులుతుంది. 300 మీటర్లకు దాని అవసరం లేదు, 800 మీటర్లు దాటితే తప్పనిసరి అనుకోండి. మధ్య దూరాలకు స్కోప్‌లో మొత్తం సవరణ ఎంత ఉందో చూసి నిర్ణయించుకోవచ్చు.

ఎన్ని రెట్లన్నది మన ఊళ్లో ఎండ నిర్ణయిస్తుంది. ఉదయం తొమ్మిది దాటిందంటే నేల వేడెక్కి, తేమగాలి కదిలి, 25 రెట్ల దగ్గర లక్ష్యం నీటిలో తేలుతున్నట్టు ఊగుతుంది. అప్పుడు 12, 15 రెట్లకు తగ్గించుకోవలసిందే. ఆ ఊగే తెరను మాత్రం శత్రువుగా చూడకండి. అది ఏ వైపు వాలి ప్రవహిస్తున్నదో చూస్తే గాలి దిశ తెలుస్తుంది, నిట్టనిలువుగా మరిగితే గాలి ఆగిందనో, మీకు ఎదురుగానో వెనుకగానో వీస్తున్నదనో గ్రహించవచ్చు.

రెట్ల కన్నా టరెట్ నమ్మకం ముఖ్యం. 100 మీటర్ల దగ్గర టరెట్ ఒక్క మెట్టు తిప్పితే, 0.1 మిల్ (మినిట్ లాంటి మరో కోణ కొలత) క్లిక్ ఒక సెంటీమీటరు, పావు మినిట్ క్లిక్ సుమారు 7 మిల్లీమీటర్లు. ఏదైనా మంచిదే, కానీ లోపలి రెటికిల్ గీతలు, బయటి టరెట్ ఒకే కొలతలో ఉండాలి. కొన్న రోజే ఒక పరీక్ష చేయండి: గురి బిందువు మార్చకుండా టరెట్లను 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ ఒక్కో మూలకు మూడేసి గుండ్లు కాల్చి, చివర మొదటి గ్రూపు మీదికే గుండ్లు తిరిగి వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే ఆ స్కోప్ వద్దు. స్కోప్‌ను పట్టి ఉంచే రింగులపై పొదుపు చేయకండి, నేను చూసిన స్కోప్ లోపాలలో సగం రింగులవే.

ప్రశ్న: బ్యారెల్ ఒకటి తెప్పించుకుంటే, దానికి మరచుట్లు కోసి యాక్షన్‌కు బిగించడం ఆటోనగర్‌లో మంచి లేత్ మేస్త్రీ చేత చేయించవచ్చు కదా? విదేశాలలో ఇళ్లలోనే చేసుకుంటున్నారు. (గాజువాక)

జవాబు: చేయించకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధమంటే దాని భాగాలనూ, వాటిని తయారు చేసే యంత్రాలనూ కలిపే నిర్వచించింది. తయారీ, మార్పు, మరమ్మతు, పరీక్ష అన్నిటికీ అయిదో సెక్షన్ ప్రకారం వేరే లైసెన్సు ఉండాలి. మీ దగ్గర రైఫిల్ లైసెన్సు ఉన్నంత మాత్రాన మేస్త్రీకి ఆ హక్కు రాదు, ఇద్దరూ నేరంలో చిక్కుకుంటారు. బ్యారెల్‌ను విడిగా తెప్పించుకోవడానికే అనుమతులు కావాలి. శబ్దాన్ని అణచే సాధనాలు పౌరులకు పూర్తిగా నిషిద్ధం.

మేస్త్రీ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే 6.5 క్రీడ్‌మోర్ వంటి తూటా పేలినప్పుడు ఛాంబర్‌లో ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా వెళ్లవచ్చు. బోల్ట్ ముఖానికీ తూటా కూర్చునే చోటికీ మధ్య కొలత వెంట్రుకవాసి తప్పినా ఇత్తడి గొట్టం చిట్లి ఆ వాయువు మీ ముఖం వైపు వస్తుంది. అందుకే ఈ పనికి కొలత గేజులు, పరీక్ష కాల్పులు ఉన్నాయి. కూర్పును తయారీదారు చేతనో, లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారు చేతనో చేయించి, రసీదు, నంబరు నమోదు సరిచూసుకుని తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి, నేను ఇద్దరం 50 మీటర్లు కాలుస్తాం. మాది చెక్క స్టాక్. వానాకాలంలో గురి ఎడమకు జరుగుతుంది, చలికాలంలో మళ్లీ మారుతుంది. బ్యారెల్ లోపమా? (భీమిలి)

జవాబు: అమ్మా, బ్యారెల్‌ను అనుమానించేముందు చెక్కను చూడండి. నాకూ ఇదే జరిగింది. కొత్తగా అందమైన వాల్‌నట్ స్టాక్ వేయించుకున్న ఏడాది, ఆగస్టులో ఒక పోటీ మొదటి సిరీస్‌లో ఆరు గుండ్లు వరసగా ఎడమ తొమ్మిదిలో పడ్డాయి. గాలి అనుకుని సవరించాను, సైట్ అనుకుని సవరించాను. ఇంటికి వచ్చి స్టాక్‌కూ బ్యారెల్‌కూ మధ్య కాగితం దూర్చి చూస్తే కుడివైపు చెక్క ఉబ్బి బ్యారెల్‌ను తాకుతోంది. ఆ సంవత్సరమంతా నేను తప్పుపట్టిన బ్యారెల్‌లో ఏ లోపమూ లేదు.

మీరూ కాగితం పరీక్ష చేయండి. యాక్షన్ ముందునుంచి బ్యారెల్ చివరి దాకా కాగితం అడ్డులేకుండా జరగాలి. తాకితే ఆ చోట చెక్కను సన్నగా తీయించి, బయటపడిన చెక్కకు పూత వేయించాలి, లేకపోతే వచ్చే వానకు మళ్లీ తేమ పీలుస్తుంది. యాక్షన్ కూర్చునే చోట లోహపు స్తంభాలు పెట్టి ఎపాక్సీతో బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునే గట్టి ఆసనం) చేయిస్తే, మర బిగువు చెక్క మీద కాక లోహం మీద పడుతుంది. ఇదంతా తెలిసినవారి చేతనే చేయించండి. కొత్తగా కొనేవారికైతే సముద్రపు ఒడ్డున నేను అల్యూమినియం స్టాక్‌నే సూచిస్తాను, చెక్క మీద నాకెంత ప్రేమ ఉన్నా.

ఉప్పుగాలి సంగతి కూడా చెప్పాలి. రుషికొండ వైపునుంచో భీమిలి నుంచో రైఫిల్‌ను తీసుకువెళ్లి, ఏసీ కారులోంచి బయటికి తీయగానే చల్లని లోహంపై తేమ పడుతుంది. పెట్టె మూత తెరవకుండా అరగంట ఆగి, లోహం బయటి వేడికి వచ్చిన తరువాతే బయటికి తీయండి. స్టెయిన్‌లెస్ బ్యారెల్ తుప్పు పట్టదనుకోవద్దు, నల్లరంగు ఉక్కు కన్నా ఆలస్యంగా పడుతుంది, అంతే. నురుగు పరిచిన పెట్టెలో రైఫిల్‌ను నెలల తరబడి దాచవద్దు, నురుగు తేమను పట్టి ఉంచుతుంది. తాళం వేసిన ఇనుప బీరువాలో, సిలికా జెల్ సంచులు పెట్టి, పదిహేను రోజులకొకసారి వాటిని ఎండబెట్టి, పలుచగా నూనె రాసిన గుడ్డతో తుడిచి ఉంచండి. స్టాక్ మరలను బిగువును అంకెలో చూపే టార్క్ రెంచితోనే బిగించి, ఆ అంకెను, ఆ రోజు గురి ఎక్కడ పడిందో, గాలి ఎలా ఉందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఆగస్టులో గురి మళ్లీ ఎడమకు జరిగితే, ముందు తిప్పవలసింది సైట్ మరను కాదు, ఆ పుస్తకం పేజీలను.