పలకలు బిగించడానికి నాలుగేళ్లెందుకు?

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ రాశారు. వాళ్లబ్బాయికి ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకుకు ఓ మోస్తరు కాలేజీలో సీఎస్ఈ, అంతకంటే పేరున్న కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) వచ్చేలా ఉన్నాయి. వాడేమో సోలార్ కోసం ఈఈఈ అంటున్నాడు, వాళ్ల నాన్న కంప్యూటర్స్ తప్ప ఇంకో మాట వినడం లేదు. గోదావరిఖనిలో ఉండే మేనమామ సింగరేణి ఉద్యోగి, ఆయన "బొగ్గు ఎక్కడికీ పోదురా, సోలార్ అంతా పేపర్లోనే" అని నవ్వుతున్నాడట. ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే: మేడ మీద సోలార్ పలకలు బిగించే పనికి నాలుగేళ్ల ఇంజినీరింగ్ ఎందుకండీ?

అక్కర్లేదమ్మా. ఐటీఐ చేసిన పిల్లలకు సూర్యమిత్ర పేరుతో శిక్షణ ఇస్తున్నారు, ఆ పనికి వాళ్లు చాలు. మీవాడి పని పలకల దగ్గర కాదు, పలకల నుంచి వైరు కిందికి దిగాక మొదలవుతుంది.

మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్తాను. మేడ మీద సోలార్ పెట్టించిన మొదటి నెలలోనే ఓ మధ్యాహ్నం కరెంట్ పోయింది, జనరేటర్‌లో డీజిల్ లేదు, లిఫ్ట్ ఆగింది, ఇక వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, మాడు పగిలే ఎండ ఉంటే మన సోలార్ ఎందుకు ఆగింది, మోసపోయాం అని. పైకెళ్లి చూస్తే పలకలు బాగానే ఉన్నాయి (పావురాల రెట్టలు తప్ప), పలకల కరెంట్‌ను ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టె, అదే గోడకున్న ఇన్వర్టర్, దాని మీద ఎర్ర లైటు వెలుగుతోంది. అది పాడైపోలేదు, దాని పని అది చేసింది. గ్రిడ్‌కు, అంటే ఊరంతటికీ సప్లై ఇచ్చే లైన్లకు, కలిపిన ఇన్వర్టర్ లైన్లో సప్లై పోగానే తానూ ఆగిపోవాలి. లేదంటే స్తంభం ఎక్కిన లైన్‌మన్, సప్లై లేదు కదా అని తీగ ముట్టుకుంటే మన మేడ మీది కరెంటే ఆయన్ని కొట్టేస్తుంది. సప్లై పోయిందని ఆ పెట్టెకు క్షణాల్లో ఎలా తెలుస్తుంది, మళ్లీ ఎప్పుడు కలవాలి, వీధిలో అందరూ పలకలు పెట్టుకుంటే మధ్యాహ్నం ఆ ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏంటి? ఈఈఈ అంటే ఇది.

ఇక మీ తమ్ముడి మాట. ఆయన్ని కొట్టిపారేయకండి, సగం నిజమే చెబుతున్నారు. సౌర, గాలి, జల, అణు విద్యుత్ అన్నీ కలిపి 2025 మధ్యకల్లా దేశంలోని ప్లాంట్ల సామర్థ్యంలో సగానికి చేరాయి, కానీ మనం వాడే యూనిట్లలో ఇంకా 70 శాతం దాకా బొగ్గువే. ఎందుకంటే ఒక కిలోవాట్ సోలార్ మన దగ్గర రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, అదే కిలోవాట్ బొగ్గు ప్లాంట్ రోజంతా ఆగకుండా నడిస్తే 24. కాబట్టి బొగ్గు రేపే పోదు. కానీ ఆయన ఊరి పక్కనే, రామగుండంలో ఎన్‌టీపీసీ వాళ్లు 2022లోనే రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలేలా పెట్టారు, సింగరేణి కూడా సొంతంగా సోలార్ ప్లాంట్లు పెట్టుకుంది. అడిగి చూడండి, ఆయనకు తెలిసే ఉంటుంది.

అసలు తలనొప్పి సాయంత్రం ఏడింటికి. ఎండ పోతుంది, ఇళ్లలో లైట్లు, ఏసీలు మొదలవుతాయి. పగటి కరెంట్‌ను అప్పటిదాకా దాచాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఒకే యంత్రం నీళ్లను పైకి తోడనూ గలదు, అవే నీళ్లు కిందికి వదిలితే కరెంట్ ఇవ్వనూ గలదు. ఇదే పద్ధతిని ఇంకా పెద్ద ఎత్తున నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టిన గ్రీన్‌కో హెడ్డాఫీసు మన హైదరాబాదే. బ్యాటరీలంటారా, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ వాటి మీద పరిశోధన చేస్తోంది, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా ఫ్యాక్టరీ పెడుతోంది. 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, గ్యాస్ లాంటివి కాని) సామర్థ్యం అని దేశం లక్ష్యం పెట్టుకుంది కాబట్టి ఇలాంటి చోట్ల ఇంజినీర్లు కావాలి.

ఒక్క జాగ్రత్త. "రెన్యువబుల్ ఎనర్జీ" అని పేరు తగిలించిన కొత్త బీటెక్‌ల జోలికి పోవద్దు. ప్రభుత్వ కరెంట్ సంస్థలైన ట్రాన్స్‌కో, జెన్‌కోల ఉద్యోగ నోటిఫికేషన్లు ఎలక్ట్రికల్ డిగ్రీ అడుగుతాయి, మామూలు ఈఈఈ ఉంటే అన్నిటికీ పనికొస్తుంది, సోలారో బ్యాటరీయో తర్వాత గేట్ రాసి ఎంటెక్‌లో ఎంచుకోవచ్చు. పైథాన్ మాత్రం మొదటి ఏడాదే నేర్చుకోమనండి, గ్రిడ్ లెక్కలు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తాయి, వాళ్ల నాన్న టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది.

జీతం విషయంలో నేను తియ్యటి మాటలు చెప్పను. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ కంటే తక్కువే ఉండొచ్చు. హైటెక్ సిటీ ఏసీ గదికి బదులు అనంతపురంలోనో రాజస్థాన్‌లోనో సైట్లో హెల్మెట్ పెట్టుకుని నిలబడాల్సి రావచ్చు. ఈ మాట వాడికి ఇప్పుడే చెప్పండి. విని మొహం మాడ్చుకుంటే, వాడికి నచ్చింది పని కాదు, పేరు అనుకోవాలి. అప్పుడు సీఎస్ఈనే మేలు.

విని కూడా ఈఈఈ అంటే, వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఆ పేరున్న కాలేజీకి ఒకసారి తీసుకెళ్లండి. పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ తలుపు తీయమని అడగండి. బెంచీల మీద దుమ్ము ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అక్కడ ఎవరికీ తెలియకపోతే, ఆ కాలేజీని లిస్టులో కిందికి దించేసి ఈఈఈ ఉన్న ఇంకో కాలేజీ చూసుకోండి.