పెద్దవాళ్ళకు పాఠం చెప్పి, ఎంత వచ్చిందో చూడటం ఎలా?

బి.ఎడ్. ట్రైనీగా వయోజన విద్యా కేంద్రంలో ఒక పాఠం చెప్పాలి, నేర్చుకునేవాళ్ళ మూల్యాంకనం రికార్డులో రాయాలి, పరీక్ష అంటే వాళ్ళు రావడం మానేస్తారేమోనని భయంగా ఉంది అని అడిగారు. మీ భయం నిజమే. నా విషయంలో అదే జరిగింది.

2012లో నేను బి.ఎడ్. చేస్తున్నప్పుడు గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో పాఠం చెప్పాను. బడి వరండా, ఒకే బల్బు, 14 మంది ఆడవాళ్ళు. అందరూ పగలంతా మిరపకోతకు వెళ్ళి వచ్చినవాళ్ళే. మా పర్యవేక్షకురాలు వెనక కుర్చీలో కూర్చుని రాసుకుంటున్నారు. నేను ఆ టెన్షన్‌లో లెసన్ ప్లాన్‌లో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి, పునశ్చరణ దగ్గరికి వచ్చేసరికి అందరిలోకి పెద్దావిడను లేపి, బోర్డు మీద మాట చదవమన్నాను. "కళ్ళజోడు తేలేదమ్మాయ్" అంది. సాకు చెబుతోందనుకుని, రికార్డులో ఆమె పేరు ఎదురుగా "చదవలేదు" అని రాశాను.

మర్నాడు అయిదుగురే వచ్చారు. ఆమె రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "నా కోడలి ముందర నన్ను లేపి నిలబెట్టావు గదమ్మా" అంది. కోడలు కూడా అదే క్లాసులో ఉందన్న సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కళ్ళజోడు మాట కూడా నిజమే. విత్తనాల ప్యాకెట్ చేతికిస్తే చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చూసింది. చత్వారం. పాత క్యాలెండర్ వెనకవైపు లావు స్కెచ్ పెన్నుతో అరచేతి అంత అక్షరాలు రాసి ఇచ్చాను. "మిరప" అని చదివింది, "కారం" అని చదివింది. "పచ్చడి" దగ్గర ఒత్తు చూసి ఆగి, మళ్ళీ మొదలుపెట్టి చదివింది. అంటే ముందురోజు నేను చూసింది ఆమె చూపును, చదువును కాదు. నలభై దాటినవాళ్ళు ఉన్న క్లాసులో ముందు ఇది చూసుకోండి. ఎవరు పుస్తకాన్ని దూరంగా పట్టుకుంటున్నారు, ఎవరు దీపం వైపు జరుగుతున్నారు అన్నది గమనిస్తే చాలు.

లెక్కల దగ్గర ఇంకో సంగతి తెలిసింది. పలక మీద 48కి 27 కూడమంటే ఆమె 615 అని రాసింది. నాలుగూ రెండూ ఆరు, ఎనిమిదీ ఏడూ పదిహేను, రెండూ పక్కపక్కన పెట్టేసింది. తప్పు అని కొట్టేయబోయి ఆగి, "నలభై ఎనిమిది రూపాయలకు ఇరవై ఏడు కలిపితే ఎంత పెద్దమ్మా?" అన్నాను. "డెబ్బై అయిదు" అంది ఠక్కున. పలక చూపించి ఇది ఎంత అని అడిగితే, కూడబలుక్కుని చదివి, "ఆరొందల పదిహేనా! ఇంత ఎట్టా అవుద్ది?" అని తనే నవ్వింది. డ్వాక్రా గ్రూపులో వడ్డీ లెక్కలు ఆమే చూస్తుందట. 15,000 అప్పు, రూపాయిన్నర వడ్డీ, ఏడు నెలలు అంటే, కాగితం లేకుండా పదిహేను వందల డెబ్బై అయిదు అని చెప్పింది. ఆమెకు కూడిక నేర్పనక్కర్లేదు. పదుల స్థానం కాగితం మీద ఎలా కూర్చుంటుందో చూపిస్తే చాలు. "సున్నా మార్కులు" అని రాసి ఉంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

కొలతలు అసలు వద్దని నేను అనడం లేదు. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ స్పష్టమైన లెక్కలే పెట్టింది: నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, చెబుతుంటే 5 మాటలు రాయాలి. కానీ ఆ పరీక్షల్ని మిషన్ తరగతుల్లో వాడిన మూడు వాచకాల లోపలే, పాఠాల మధ్యే పెట్టారు, నేర్చుకునేవాళ్ళు తమ స్థాయిని తామే చూసుకునేలా. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉల్లాస్ అనే వయోజన విద్యా కార్యక్రమంలో పరీక్ష 150 మార్కులకు ఉంటుంది, చదవడం, రాయడం, లెక్కలు తలా 50. మీరు చెప్పేది ఒక్క పాఠమే కాబట్టి, ఆ మూడు భాగాలనూ మీ పరిశీలనకు శీర్షికలుగా వాడుకోండి. మార్కులు వేయకండి.

నేను రెండోసారి పాఠం చెప్పినప్పుడు ఎవరినీ లేపలేదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి (అత్తాకోడళ్ళను వేర్వేరు జతల్లో), ఇంట్లో ఉన్న కాగితాలు తెమ్మన్నాను. కరెంటు బిల్లు, గ్రూపు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు వచ్చాయి. బిల్లులో మీ పేరు ఎక్కడుంది, ఈ నెల ఎంత కట్టాలి అని ఒకరినొకరు అడుగుతుంటే నేను మధ్యలో తిరుగుతూ చిన్న పుస్తకంలో రాసుకున్నాను: "పేరు గుర్తుపట్టింది. ఒత్తుల దగ్గర ఆగుతోంది. వెయ్యి దాటిన అంకెలు చదవడానికి తడబడుతోంది." అవే రికార్డులోకి ఎక్కించాను. మార్కుల పట్టిక లేదేమని మా పర్యవేక్షకురాలు మొదట అడిగారు. ఆ పుస్తకం చూపిస్తే, రేపటి పాఠం దేనితో మొదలుపెట్టాలో ఇందులో ఉంది అని ఒప్పుకున్నారు.

వాళ్ళు మాట్లాడుకునేది కూడా రాసుకోండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతుల చర్చల్లోంచే రాజుకుంది. అలాంటిది ఏ మార్కుల పట్టికలోనూ కనపడదు.

మీ కేంద్రంలో ఏ వాచకం వాడుతున్నారో, క్లాసు ఏ టైమ్‌కో రాయండి, ఆ పాఠానికి పనికొచ్చే పనులు చెబుతాను. కోతల రోజులైతే మాత్రం రాత్రి ఎనిమిదికి ముందు పెట్టకండి. వంట చేసి, పిల్లలకు అన్నం పెట్టి వచ్చేసరికి ఆ మాత్రం అవుతుంది.