వాన తగ్గకపోయినా అర్కావతి ఎందుకు ఎండిపోయింది?

బెంగళూరు వాన లెక్కల్లో పెద్ద తగ్గుదల లేదు కదా, మరి 1933 నాటి తిప్పగొండనహళ్లి జలాశయానికి దశాబ్దాలుగా బెంగళూరు దగ్గరి అర్కావతి నది నుంచి వచ్చే నీళ్లు ఎందుకు తగ్గిపోయాయని మీరు అడిగారు.

అసలు కారణం నేల కింద ఉంది. ఒకప్పుడు భూగర్భజలం పైపైనే ఉండి, వాన వెలిశాక కూడా ఊటగా వాగుల్లోకి వచ్చేది. వ్యవసాయ బోర్లు వందల అడుగుల లోతుకు దిగాక ఆ ఊట ఆగిపోయింది. ఇప్పుడు వాగులో కాస్త నీరు పారినా దారిలోనే ఇంకిపోతుంది. అర్కావతి పుట్టే నంది హిల్స్ దిగువన వేసిన జామాయిల్ తోటలు మట్టిలో తేమను కూడా లాగేస్తాయి. ఎండలు పెరిగితే ఆవిరి కొంత పెరుగుతుంది కానీ, ఇంత తగ్గుదలకు అదొక్కటే చాలదు.

మీరు నది నీటి ట్రెండ్ గీస్తుంటే వానతో పాటు బోర్ల లోతు, పంటల మార్పు కూడా పక్కపక్కన పెట్టి చూడండి.