లండన్ మేనల్లుడికి తగ్గించిన చుక్కలు మన పిల్లవాడికి ఎందుకు చాలవు?

భీమవరం దగ్గర ఉంటున్న మీ ఎనిమిదేళ్ళ బాబుకూ, లండన్‌లో పెరుగుతున్న మీ అక్కగారి అబ్బాయికీ డాక్టర్లు ‘కంటి అలర్జీ’ అనే చెప్పారనీ, అక్కడి అబ్బాయికి వారంలో తగ్గిపోతే మీవాడు ఏడాదిగా బాధపడుతున్నాడనీ, ఆ చుక్కలే పంపిస్తానని అక్కగారు అంటున్నారనీ రాశారు. నేను డాక్టరును కాను. ఇదే బాధ పడిన కొడుకుతో ఏడేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగిన తండ్రిని. పేరు ఒకటే అయినా ఆ ఇద్దరు పిల్లలకూ ఉన్నది ఒకే జబ్బు కాకపోవచ్చు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మావాడికి ఆరో ఏట దాళ్వా కోతలప్పుడు, కోత మిషన్ల దుమ్ము ఊరంతా కమ్ముకున్న రోజుల్లో దురద మొదలైంది. తెల్లవారేసరికి రెప్పలు అంటుకుపోయేవి. పుసి తుడుస్తుంటే దారంలా సాగేది. పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటూ, వెలుతురు చూడలేక తల వంచుకుని బడికి వెళ్ళేవాడు. మందుల షాపులో ఇచ్చిన చుక్కలతో రెండు రోజుల్లో ఎరుపు పోయింది. ఆ తర్వాత ఎర్రబడినప్పుడల్లా అదే సీసా కొని, ఎనిమిది నెలలపాటు నా చేతులతో నేనే వేశాను. అందులో స్టెరాయిడ్ (వాపును త్వరగా అణచే మందు) ఉందనీ, దానివల్లే మావాడి ఎడమ కంట్లో ప్రెషర్ 34కి చేరిందనీ, అది 21 దాటకూడదనీ కాకినాడలో కంటి డాక్టరుగారు చెప్పేవరకూ నాకు తెలియదు. ప్రెషర్ పెరిగినా పిల్లవాడికి నొప్పి తెలియలేదు. చూపు నరం దెబ్బతింటున్నా బయటికి ఏమీ కనిపించదట. ఆ రోజు నాకు కలిగిన భయం మీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆయన మావాడి పై రెప్ప తిరగేసి నాకు చూపించారు. లోపలి వైపు సీతాఫలం తొక్కలా ఉబ్బెత్తు గడ్డలు ఒకదానినొకటి ఒరుసుకుంటున్నాయి. నల్లగుడ్డు చుట్టూ జిగురులాంటి గట్టు, దాని మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు ఉన్నాయి. దీని పేరు వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్, అంటే నల్లగుడ్డుకూ, తెల్లగుడ్డు మీది పొరకూ వచ్చే అలర్జీ వాపు. వెర్నల్ అంటే వసంత కాలానికి సంబంధించినదని అర్థం. చలి దేశాల్లో ఇది వసంతంలో మొదలై వేసవి ముగిసేసరికి సద్దుమణుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది గానీ, మన దగ్గర చాలామంది పిల్లలకు ఏడాది పొడవునా ఉంటుంది.

దేశాన్ని బట్టి తేడా ఇక్కడే కనిపిస్తుంది. బ్రిటన్‌లో మే నుంచి జూలై వరకు గడ్డి పుప్పొడి వల్ల వచ్చే మామూలు అలర్జీ చాలా ఎక్కువ. అది దురద పెట్టినా నల్లగుడ్డును సాధారణంగా పాడుచేయదు, అలర్జీ చుక్కలకు లొంగుతుంది. మీ మేనల్లుడిది బహుశా అదే. మావాడికి వచ్చిన తీవ్రమైన రకం పశ్చిమ ఐరోపాలో అరుదు; వేడి, దుమ్ము ఎక్కువగా ఉండే మధ్యధరా తీరంలో, పశ్చిమాసియాలో, ఆఫ్రికాలో, మన దేశంలో ఎక్కువ. ఆఫ్రికా పిల్లల్లో నల్లగుడ్డు అంచున గట్టు కట్టే రూపం ఎక్కువగా కనిపిస్తే, ఐరోపాలోనూ జపాన్‌లోనూ రెప్ప లోపల గడ్డలు కట్టే రూపం ఎక్కువ. మన దగ్గర తరచుగా రెండూ కలిసే వస్తాయి. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 468 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన వివరాల ప్రకారం, 72 శాతం మందిలో ఈ మిశ్రమ రూపమే ఉంది. 36 శాతం మందికి ఏడాదంతా ఉంది. తమకు గానీ కుటుంబంలో గానీ వేరే అలర్జీలు ఉన్నవారు 5 శాతమే. ఇటలీలో ఈ జబ్బు ఉన్నవారిలో మాత్రం దాదాపు సగం మందికి అలర్జీ పరీక్షల్లో ఏదో ఒకటి పడదని తేలుతుంది. మన దగ్గర అలాంటివారు తక్కువ కాబట్టి మన పిల్లలకు చర్మ పరీక్షలు చేయించి, ఫలానా తిండి మానిపిస్తే పోతుందని ఆశపడడం చాలాసార్లు వృథా అవుతుంది. మేమూ ఆరు నెలలు వంకాయ, రొయ్యలు మాన్పించాం, ఏమీ మారలేదు.

ఊరు మారితే తగ్గుతుందా అని కూడా అడిగారు. నా ఉద్యోగం కువైట్‌లో కావడంతో పిల్లవాణ్ణి రెండేళ్ళు అక్కడ ఉంచుకున్నాను. చలికాలంలో దాదాపు మామూలుగా ఉండేవాడు. ఇసుక గాలులు మొదలయ్యేసరికి మన రోహిణి కార్తె కంటే ఎక్కువ బాధపడేవాడు. వేడి, దుమ్ము లేని చోట కొంత తెరిపి దొరకవచ్చు గానీ, ఐరోపాలో పెరిగే ఆఫ్రికా, ఆసియా సంతతి పిల్లల్లో కూడా ఈ జబ్బు కనిపిస్తూనే ఉంది కాబట్టి, వాతావరణమే మొత్తం కారణం కాదు.

కాబట్టి అక్కగారి చుక్కల కోసం ఎదురుచూడకండి. ఈ వారంలోనే బాబు రెప్ప తిరగేసి చూసి, కంటి ప్రెషర్ కొలిచే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఇంతవరకు వాడిన సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి. స్టెరాయిడ్ చుక్కలు అవసరమైతే ఆయనే కొద్ది రోజులకు రాస్తారు. వాటి మీదే ఆధారపడకుండా, స్టెరాయిడ్ కాకపోయినా వాపును అణచే సైక్లోస్పోరిన్ చుక్కలు గానీ టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ గానీ పనికొస్తాయేమో అడగండి. ఈ జబ్బుకే తయారైన 0.1 శాతం సైక్లోస్పోరిన్ చుక్కలకు ఐరోపాలో 2018లో, అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది, జపాన్‌లో 0.1 శాతం టాక్రోలిమస్ చుక్కలు 2008 నుంచే ఉన్నాయి. మావాడికి 0.03 శాతం టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాశారు. మొదట్లో మంటకు ఏడ్చేవాడు. రెండు నెలల్లో స్టెరాయిడ్ పూర్తిగా మానగలిగాం, ప్రెషర్ 16కి దిగింది. కళ్ళు నులమనివ్వకండి, నులిమి నులిమి నల్లగుడ్డు శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ రావచ్చు. మా ఇంట్లో చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. దురద రాగానే వాడే తీసుకుని కళ్ళ మీద వేసుకునేవాడు.