ఆ జాకీని విప్పనివ్వకండి

ప్రశ్న: లాయరు గారూ, మాది రావులపాలెం దగ్గర ఊరు. సొంత పికప్ బండిలో అరటి గెలలు తోలుకుని బతుకుతున్నాను. నాలుగు నెలల క్రితం ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు పెట్టి బాటిల్ జాకీ కొన్నాను. డబ్బా మీద 5 టన్నులని ఉంది. పోయిన నెల గెలల లోడుతో ఇంటి ముందు ఆపి వెనక టైరు మారుస్తుంటే, లేచిన బండి ఒక్కసారిగా కుంగింది. స్టెప్నీ ఎక్కిస్తున్న మా బామ్మర్ది రెండు వేళ్లు నలిగాయి. ఆసుపత్రికి 86,000 అయింది. తర్వాత తిప్పి చూస్తే జాకీ అడుగున 2 టన్నులని అచ్చు ఉంది. ఏ కంపెనీదో ఎక్కడా లేదు. అమ్మినవాళ్లేమో రిటర్న్ గడువు దాటింది, మీరే సరిగా వాడలేదు అంటున్నారు. జాకీ విప్పి లోపమేంటో చూస్తానని మా మెకానిక్ అంటున్నాడు. కేసు నిలుస్తుందా? ఇప్పుడు ఎలాంటి జాకీ కొనాలి?

జవాబు: ముందు మీ మెకానిక్‌ని ఆపండి. స్క్రూ ఒక్కటి కూడా తిప్పొద్దు, ఆయిల్ పోయొద్దు, కారిన మరకైనా తుడవొద్దు. జాకీని, డబ్బాని, లోపల వచ్చిన కాగితాల్ని ఒక సంచిలో కట్టి ఇంట్లో భద్రంగా పెట్టండి. వస్తువులో లోపం పరీక్ష చేస్తే తప్ప తేలనప్పుడు, వినియోగదారుల కమిషనే దానికి సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 38వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. మీ మనిషి ముందే విప్పేస్తే, 'వాల్వు పాడుచేసింది వాళ్లే' అని అవతలి లాయరు అంటాడు. ఆ మాటకు మన దగ్గర జవాబుండదు.

కేసు నిలుస్తుంది. ఈ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైనా, వేరే ఆస్తికి నష్టం జరిగినా పరిహారం అడగొచ్చు. మామూలుగా తయారీదారే జవాబుదారీ. కానీ తయారీదారు ఎవరో తెలియనప్పుడు ఆ బాధ్యత అమ్మినవాడి మీదే పడుతుందని 86వ సెక్షన్ చెబుతోంది. డబ్బా మీద పేరు లేకపోవడం మీకు ఇబ్బంది అనుకుంటున్నారు, నిజానికి అది అమ్మినవాడికి ఇబ్బంది. అమ్మినవాళ్ల పూర్తి పేరు, చిరునామా ఇవ్వమని ఆ ఆన్‌లైన్ సంస్థను రాతపూర్వకంగా అడగండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కొన్నవాళ్లు అలా అడిగితే వాళ్లు ఇచ్చి తీరాలి. రిటర్న్ గడువు వాళ్లు పెట్టుకున్న నియమం, చట్టం మీకిచ్చిన హక్కు దాంతో పోదు. ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు.

'సరిగా వాడలేదు' అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా అమ్మినవాడి మీద కేసు కుదరదని 87వ సెక్షన్‌లో ఉంది. వాళ్లు పట్టుకునేది దాన్నే. అందుకే లోడు ఎంతో, కింద నేల మట్టా సిమెంటా, జాకీ ఎక్కడ పెట్టారో, మిగతా టైర్లకు రాళ్లు అడ్డం పెట్టారో లేదో దాచకుండా చెప్పండి. ఆ రోజు గెలలు తూకం వేసిన కాటా చీటీ ఉందా? ఉంటే బంగారంలా దాచుకోండి. టైరుకు దగ్గరగా, యాక్సిల్ కింద జాకీ పెడితే దాని మీద పడేది బండి మొత్తం బరువు కాదు, ఆ ఒక్క మూల బరువే. కాటా చీటీ, ఆర్‌సీ పక్కపక్కన పెట్టి ఆ మూలకు రెండు టన్నుల్లోపే పడిందని చూపగలిగితే, అడుగున ఉన్న అంకె లెక్కన చూసినా ఆ జాకీ కుంగకూడదు. డబ్బా మీద ఐదు, ఒంటి మీద రెండు ఉండటమైతే తప్పుడు ప్రకటనే. ఆ అమ్మకం పేజీ తీసేయకముందే ఈ రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

బండితో సంపాదిస్తున్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని కూడా వాదిస్తారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నదాన్ని వ్యాపార అవసరంగా చట్టం లెక్కించదు. మీ అనుమతితో జాకీ వాడాడు కాబట్టి మీ బామ్మర్దీ వినియోగదారే. ఇద్దరూ కలిసి వేయండి. ఆసుపత్రి ఖర్చు, అతను పోగొట్టుకున్న కూలి, పడ్డ బాధ, జాకీ ధర అన్నీ ఒకే ఫిర్యాదులో అడగండి. ఎంత పరిహారం అడిగినా మీరు చెల్లించిన ధరనే చూస్తారు కనుక ఇది జిల్లా కమిషన్‌కే వెళ్తుంది. ఐదు లక్షల వరకు ఫీజు లేదు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే చోటే వేయొచ్చు. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేయండి, కొందరు ఆ దశలోనే దారికొస్తారు.

ఇక కొత్త జాకీ. ఆర్‌సీలో లోడుతో కలిపి రాసిన బరువు చూసి, అంతకు తగ్గనిది కొనండి. ఒక మూలే లేపుతాం కదా అని తగ్గించొద్దు, ఆ మిగులే మీకు రక్ష. టైరు గాలి పూర్తిగా పోయినప్పుడు యాక్సిల్ కింద ఎంత సందుంటుందో కొలవండి. మూసి ఉన్న జాకీ అందులో దూరాలి. ఎత్తు చాలక జాకీ నెత్తిన ఇటుక పెట్టేవాళ్లని చూశాను, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. మట్టి నేలైతే అడుగున మందపాటి చెక్క వేయండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా డబ్బా మీద లేని సరుకు ముట్టుకోవద్దు. జాకీతో పాటు ఒక జత స్టాండ్లు కూడా కొనండి. జాకీ లేపడానికే, బరువు మోయాల్సింది స్టాండు. స్టాండు పెట్టకుండా బండి కిందకి ఎవరూ వెళ్లకూడదు.

బామ్మర్దికి ఇంకా కట్టు మారుస్తుంటే ప్రతిసారీ చీటీ, బిల్లు తీసుకోండి. డిశ్చార్జ్ కాగితంలో గాయం ఎలా అయిందో రాశారో లేదో చూడండి. రాయకపోతే, 'జాకీ కుంగడం వల్ల' అని డాక్టరు గారిని అడిగి ఈ వారంలోనే రాయించుకోండి.