పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: స్పెక్ట్రమ్ కంప్యూటర్‌లో ఆటబొమ్మలు గీయడం

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే యంత్రం గురించి ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో పాత జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ మీద ఇంత ఆసక్తి ఉన్నదని నేను అనుకోలేదు. చాలా సంతోషం కలిగింది. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ శీర్షికను పూర్తిగా ఈ నాలుగింటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా మేనమామగారు 1980ల చివరలో కొన్న స్పెక్ట్రమ్ ప్లస్ కంప్యూటర్ అటక మీద దొరికింది. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి దాని మీద ఆటలకు బొమ్మలు గీసే ప్రోగ్రాములు నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: అమ్మా, ముందుగా ఒక హెచ్చరిక. ఇంట్లో ఉన్న ఏదో ఒక 9 వోల్టుల అడాప్టర్‌ను దానికి తగిలించకండి. ఈ కంప్యూటర్ పవర్ ప్లగ్గులో మధ్య భాగం నెగటివ్. ఇప్పుడు బజారులో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్య భాగం పాజిటివ్. తిరగబడితే లోపలి భాగాలు పాడవుతాయి. ఇన్నేళ్లు అటక మీద ఉన్నందువల్ల లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు, కీబోర్డు కింది పలుచని పొర పెళుసెక్కి ఉండవచ్చు. టీవీలు బాగుచేసే అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు ఒకసారి చూపించిన తరువాతే స్విచ్ వేయండి. అది బాగయ్యేవరకు మీ అబ్బాయి ఆగనక్కరలేదు. ఫ్యూజ్ అనే ఉచిత ఎమ్యులేటర్‌ను మామూలు ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే అదే యంత్రం తెర మీద ప్రత్యక్షమవుతుంది. అక్కడ నేర్చుకున్నదంతా అసలు యంత్రంలోనూ పనిచేస్తుంది.

స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్‌లో ఇంగ్లండులో విడుదలయింది. దాని ప్లస్ రకాన్ని 1980లలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ మన దేశంలోనూ అమ్మింది. లోపల 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80 ప్రాసెసర్, 48 కిలోబైట్ల మెమరీ ఉంటాయి. బొమ్మలు గీయడానికి ప్రత్యేకమైన చిప్పు గాని, స్ప్రైట్లను (ఆటలో కదిలే చిన్న బొమ్మలను) దానంతట అదే కదిలించే ఏర్పాటు గాని అందులో లేవు. తెర మీద కనిపించేదంతా మెమరీలో 16384వ బైటు (0 నుంచి 255 వరకు ఒక అంకె పట్టే గది) నుంచి వరుసగా ఉన్న 6912 బైట్ల ప్రతిబింబమే. ఆ బైట్లలో అంకె మారితే తెర మారుతుంది. నేర్చుకోవడానికి ఈ యంత్రాన్ని మించినది లేదని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే: అంకెకూ బొమ్మకూ మధ్య అడ్డుగా మరొక తెర లేదు.

మొదటి పాఠం గళ్ల కాగితం మీద జరగాలి. నిలువుకు 8, అడ్డానికి 8 గళ్లు తీసుకుని, మన సంక్రాంతి ముగ్గుకు చుక్కలు పెట్టినట్టుగా, ఒక తాటిచెట్టును గళ్లలో నింపమనండి. ప్రతి అడ్డవరుసలోని గళ్లకు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అనే విలువలు ఉంటాయి. నింపిన గళ్ల విలువలు కూడితే ఆ వరుసకు ఒక అంకె వస్తుంది. పై వరుసలో నడిమి నాలుగు గళ్లు నింపితే 32, 16, 8, 4 కలిసి 60 అవుతుంది. మట్టలు పరుచుకున్న మూడవ వరుస పూర్తిగా నిండితే 255. కాండం రెండు గళ్ల వెడల్పుంటే 24. అలా నేను గీసిన తాటిచెట్టు 60, 126, 255, 90, 24, 24, 24, 60 అయింది.

ఈ కంప్యూటర్‌కు ఆజ్ఞలిచ్చే బేసిక్ భాషలో ఏ నుంచి యూ వరకు 21 అక్షరాలను మనకు కావలసిన బొమ్మలుగా మార్చుకునే వీలుంది. ఒక ఫర్ లూపులో, డేటా వాక్యంలో రాసిన ఈ ఎనిమిది అంకెలను రీడ్ ఆజ్ఞతో ఒక్కొక్కటిగా తీసుకుంటూ, మెమరీలో అంకె వేసే పోక్ ఆజ్ఞతో, యూఎస్ఆర్ “ఏ” చూపించే చోటు (ఏ అక్షరపు బొమ్మ ఉండే చోటు) నుంచి వరుసగా నింపాలి. తరువాత ఆ అక్షరపు సంకేతమైన సీహెచ్ఆర్ డాలర్ 144ను ప్రింట్ చేయమంటే తెర మీద తాటిచెట్టు నిలబడుతుంది. మొదటి వారం ఇంతే చేయనివ్వండి. చెట్టు, పడవ, చేప, గుడి గోపురం, ఏది తోస్తే అది కాగితం మీద గీసి అంకెలుగా మార్చగా మార్చగా, అంకె చూడగానే వరుస కళ్లకు కట్టే స్థితి వస్తుంది. ఆ స్థితి రాకుండా ముందుకు పోవడం వల్ల ప్రయోజనం లేదు.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. ఎమ్యులేటర్‌లో 16384 నుంచి ఒక్కొక్క బైటులో 255 వేస్తూ పోయాను. మొదటి గీత గీసిన తరువాత రెండవది దాని కిందనే రాకుండా ఎనిమిది గీతల కింద వచ్చింది. ఎమ్యులేటర్‌లో లోపమా?
(ఒక పాఠకుడు, ఆమదాలవలస)

జవాబు: లోపం లేదు. మీరు చూసినది ఈ యంత్రపు నిజస్వరూపం. క్యాసెట్ టేపు నుంచి బొమ్మ ఎక్కుతున్నప్పుడు తెర వెదురుచాపలా సందులతో అల్లుకుంటూ వచ్చి, రంగులు చివరన పులుముకోవడం ఆ రోజులలో దీనిని వాడినవారందరికీ గుర్తుంటుంది. దానికీ మూలం ఇదే.

తెర వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 192 గీతలు. ఒక బైటులో 8 చుక్కలు కనుక ఒక గీతకు 32 బైట్లు. ఎత్తును 64 గీతల చొప్పున మూడు భాగాలు చేశారు. ఒక్కొక్క భాగంలో 8 అక్షర వరుసలు, ఒక్కొక్క అక్షర వరుసలో 8 గీతలు ఉంటాయి. మెమరీలో ముందుగా ఎనిమిది అక్షర వరుసల మొదటి గీతలు, ఆ తరువాత వాటి రెండవ గీతలు, ఈ క్రమంలో అమరి ఉంటాయి. అందువల్ల ఒక బైటు చిరునామా, అంటే మెమరీలో దాని సంఖ్య, ఇలా వస్తుంది: 16384కు భాగం సంఖ్యను 2048తో, అక్షరం లోపలి గీత సంఖ్యను 256తో, భాగంలోని అక్షర వరుస సంఖ్యను 32తో హెచ్చవేసి కలిపి, చివరగా నిలువు వరుస సంఖ్యను చేర్చాలి. లెక్కలన్నీ సున్నా నుంచి మొదలు. ఉదాహరణకు పై నుంచి 75వ గీత, 5వ నిలువు వరుస తీసుకుందాం. 75లో 64 పోగా మిగిలినది 11, అంటే 1వ భాగం, అందులో 1వ అక్షర వరుస, 3వ గీత. 16384, 2048, 768, 32, 5 కలిపితే 19237.

చూడడానికి ఇది వక్రంగా ఉన్నా దీనిలో ఒక చక్కని సౌకర్యం ఉంది. ఒక అక్షరం లోపల కింది గీతకు దిగాలంటే చిరునామాకు 256 కలపాలి. జెడ్80 ప్రాసెసర్ లోపల హెచ్, ఎల్ అనే రెండు చిన్న అరల జంటలో (హెచ్ఎల్) చిరునామా పెట్టుకుంటే హెచ్‌ను ఒకటి పెంచడంతో ఆ పని అయిపోతుంది. అక్షరం దాటి కిందికి దిగేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది కనుక, 192 గీతల మొదటి చిరునామాలను ముందే ఒక పట్టికగా రాసిపెట్టుకోండి. దానికి 384 బైట్లు చాలు. ఇంకొక మాట. బేసిక్‌లో చుక్క పెట్టే ప్లాట్, గీత గీసే డ్రా ఆజ్ఞలు ఎత్తును కింది నుంచి లెక్కపెడతాయి, అట్టడుగున రెండు అక్షర వరుసలను ముట్టవు. వాటికి దక్కేది 176 గీతలే, వాటి సున్నా మెమరీ లెక్కలో 175వ గీత. ఈ రెండు లెక్కలను కలిపి వాడినవారికి బొమ్మలు తలకిందులవుతాయి.

ప్రశ్న: పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని ఆటగా చేయాలని నా కోరిక. వెనుక కోటగోడ, పైన ఆకాశం, ముందు ఏటవాలుగా కదిలే సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవైన మాను. కాని మాను కదిలినచోటల్లా గోడ, ఆకాశం రంగులు చతురస్రాలుగా మారిపోయి, మాను వెళ్లిన తరువాత కూడా మరకలు మిగులుతున్నాయి. దీనికి ఉపాయం ఉన్నదా?
(ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: ఈ ఉత్తరం చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. మన పండుగను ఆ తెర మీద చూడాలన్న తలంపే గొప్పది. పైగా స్పెక్ట్రమ్‌లోని అతి కష్టమైన సమస్యకు ఏటవాలుగా ఉండే సిరిమాను కంటే మంచి ఉదాహరణ దొరకదు.

మొదట కారణం చూద్దాం. చుక్కలకు 6144 బైట్లు పోగా, 22528 నుంచి 768 బైట్లు రంగులకు ఉన్నాయి. 24 వరుసలు, వరుసకు 32 గళ్లు, గడికి ఒక్క బైటు. అంటే 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న ఒక గడిలో గీత రంగు (పెట్టిన చుక్కల రంగు) ఒకటి, నేల రంగు (వాటి వెనుక రంగు) ఒకటి, ఈ రెండే ఉండగలవు. మూడవ రంగుకు చోటు లేదు. ఇలా ఎందుకు చేశారంటే, తెర మీద 49,152 చుక్కలున్నాయి. ఎనిమిది రంగులలో ఒకటి ఎంచుకునేందుకు ప్రతి చుక్కకు మూడు బిట్లు (బైటులో ఎనిమిదవ వంతు ఒక బిట్) ఇస్తే 18,432 బైట్లు కావాలి. ఈ యంత్రాన్ని 16 కిలోబైట్ల రకంగా కూడా అమ్మారు. అప్పుడు మొత్తం మెమరీ తెరకే చాలదు. తక్కువ ధరకు రంగుల కంప్యూటర్ ఇవ్వాలన్న పట్టుదలలో వారు ఎంచుకున్న దారి ఇది.

ఒక గడి రంగు బైటులో కింది మూడు బిట్లు గీత రంగు, తరువాతి మూడు నేల రంగు, ఆపైన ఒకటి వెలుగు, చివరిది మిణుకు. నలుపు 0, నీలం 1, ఎరుపు 2, ఊదా 3, ఆకుపచ్చ 4, లేత నీలం 5, పసుపు 6, తెలుపు 7. నేల రంగును 8తో హెచ్చవేసి, గీత రంగు కలిపి, వెలుగు కావాలంటే 64 చేర్చాలి. 10వ వరుస, 5వ గడి చిరునామా 22528కి 320, 5 కలిపితే వచ్చే 22853.

ఇక మీ ఆట సంగతి. మీరు మానును గీసేటప్పుడు దానికి ఒక రంగు ఇస్తున్నారు. మాను ఏటవాలు కనుక అది దాటే ప్రతి గడిలోనూ ఆ రంగు బైటు మారుతోంది, దానితో ఆ గడిలోని గోడ గీతలకు కూడా మాను రంగే వస్తోంది. మాను జరిగిన తరువాత చుక్కలు చెరిపారు గాని రంగు బైట్లను పాతస్థితికి తేలేదు. మరకలు అవే. వాటిని తిరిగి రాయడం ఒక దారి, కాని నేను దానిని సిఫారసు చేయను, ఎందుకంటే మాను ఉన్నంతసేపు గోడ రంగు చెడుతూనే ఉంటుంది.

దానికి బదులు, కదిలే వస్తువుకు రంగే ఇవ్వకండి. ఆకాశం గళ్లన్నిటికీ నేల రంగు లేత నీలం, గీత నలుపు, వెలుగుతో కలిపి 104 వేయండి. గోడ గళ్లకు నేల పసుపు, గీత నలుపు, వెలుగుతో కలిపి 112. గోడ పైఅంచు సరిగ్గా ఎనిమిదితో భాగించబడే గీత మీద మొదలవ్వాలి. ఇది చాలా ముఖ్యం. ఇటుకల సందులు, కోట ద్వారం, జనం తలలు, మాను, అన్నీ నల్లని గీతలే. అప్పుడు మాను ఆకాశంలో ఉన్నా గోడ ముందున్నా నల్లగానే కనిపిస్తుంది, రంగు బైట్లలో ఒక్కటి కూడా మారనక్కరలేదు. 1984లో వచ్చిన నైట్ లోర్ అనే ఆటలో గది మొత్తాన్ని ఒకే రంగులో గీసి, బొమ్మలు ఒకదాని వెనుకకు ఒకటి పోయేటట్టు చేయగలిగారు. అది ఇదే ఆలోచనకు ఇంకా కఠినమైన రూపం.

మాను కొసన కూర్చున్న పూజారి మాత్రం వేరే రంగులో కనిపించాలని మీకు తప్పక అనిపిస్తుంది. ఆయన ఉండేది ఆకాశం ముందు కనుక అది సాధ్యమే. ఆయన బొమ్మను గళ్ల అంచులకు సరిపోయేటట్టు గీసి, ఎనిమిది చుక్కల చొప్పున జరుపుతూ, ఆ గళ్లకు మాత్రం 106 వేయండి, అంటే ఎర్రని గీత. ఆయన జరగగానే పాత గళ్లకు 104 తిరిగి వేయండి. మాను చివరి అంగుళం కూడా ఎర్రబడుతుంది గాని, ఆ చిన్న భాగం కంటికి ఆనదు.

ఓవర్ 1 ఆజ్ఞతో మానును గీస్తున్నారేమో కూడా చూసుకోండి. అది చుక్క ఉన్నచోట చెరుపుతుంది, లేనిచోట పెడుతుంది; రెండుసార్లు గీస్తే పాత తెర తిరిగి వస్తుందన్నది దాని సుగుణం. కాని ఇటుకల సందుల మీదుగా పోయినప్పుడు మానులో చిల్లులు కనిపిస్తాయి. వెనుక ఉన్న బైట్లను ముందు దాచుకుని, మాను ఆకారం మేరకు గోడను ముసుగుతో చెరిపి, దాని మీద మానును గీసి, జరిపేటప్పుడు దాచినవి తిరిగి పెట్టడమే సరైన పద్ధతి.

ప్రశ్న: బేసిక్‌లో చేసిన నా ఆటలో బొమ్మలు మెల్లగా కదులుతున్నాయి, మిణుకుమంటున్నాయి. ప్రాసెసర్ నేరుగా నడిపే అంకెల భాష అయిన మెషిన్ కోడ్‌కు మారితే రెండు బాధలూ పోతాయా?
(ఒక పాఠకురాలు, టెక్కలి)

జవాబు: మొదటిది పోతుంది, రెండవది దానంతట అది పోదు. తెర సెకనుకు 50 సార్లు పై నుంచి కిందికి గీయబడుతుంది. మీరు బొమ్మను చెరిపి తిరిగి గీసే మధ్య సమయంలో తెర గీసే పని అక్కడికి చేరితే ఖాళీ కనిపిస్తుంది. మిణుకు అంటే అదే. మెషిన్ కోడ్‌లో హాల్ట్ అనే ఆజ్ఞ తరువాతి తెర మొదలయ్యేవరకు ఆగుతుంది. ఆ తరువాత పై అంచు భాగమే గీయబడుతూ ఉండే 14,336 గడియార తుళ్లింతల (ప్రాసెసర్‌ను నడిపే గడియారపు టిక్కుల) వ్యవధి మీకు దొరుకుతుంది. చెరపడం, గీయడం ఆ లోపలే ముగించండి. ముగియకపోతే తెర పైభాగంలో ఉన్న బొమ్మలను ముందుగా గీయండి. బేసిక్‌లో ఉన్నంతవరకు అలాగే కాసేపు ఆపే పాజ్ 1 ఆజ్ఞతో కొంత ఉపశమనం ఉంటుంది.

తెర మొత్తాన్ని వేరే చోట సిద్ధంచేసుకుని ఒక్కసారిగా నకలు చేద్దామని అందరికీ తోస్తుంది. లెక్క వేయండి. బైట్లను వరుసగా నకలు చేసే ఎల్డీఐఆర్ ఆజ్ఞకు బైటుకు 21 తుళ్లింతలు పడతాయి, ఒక తెర కాలంలో ఉన్నవి 69,888. అంటే ఇంకే పనీ చేయకపోయినా 3328 బైట్లకు మించి కదలవు, 6144 బైట్లకు దాదాపు రెండు తెరల కాలం పడుతుంది. కనుక మారిన భాగాన్ని మాత్రమే గీయడం అలవాటు చేసుకోవాలి.

బొమ్మ ఒక్కొక్క చుక్కగా జరగాలంటే ప్రతిసారీ బిట్లను పక్కకు నెట్టడం ఆలస్యం. జరిపిన రూపాలను ముందే తయారుచేసి ఉంచండి. 16 చుక్కల చదరపు బొమ్మకు 32 బైట్లయితే, పక్కకు జరిపినప్పుడు వెడల్పు మూడు బైట్లయి 48 అవుతుంది. ఎనిమిది రూపాలకు 384, వెనుక చుక్కలను చెరిపే ముసుగులతో కలిపి 768. తెరకు పోగా మిగిలే 42,240 బైట్లలో ఎన్ని బొమ్మలకు ఈ ఖర్చు పెట్టగలరో ముందే తేల్చుకోండి. రెండేసి చుక్కలుగా జరిపితే నాలుగు రూపాలు సరిపోతాయి, కంటికి పెద్దగా తేడా తెలియదు.

చివరగా, మీ కోడ్‌ను 32768కి పైన ఉంచండి. అంతకు కింది 16 కిలోబైట్లను తెర గీసే చిప్పు కూడా చదువుతుంది కనుక ప్రాసెసర్ మధ్యమధ్య ఆగవలసి వస్తుంది. క్లియర్ 32767 అని బేసిక్‌కు హద్దు గీసి, పాస్మో వంటి ఉచిత అసెంబ్లర్‌తో (రాసిన ఆజ్ఞలను మెషిన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రాముతో) తయారుచేసిన కోడ్‌ను అక్కడికి ఎక్కించి, రాండమైజ్ యూఎస్ఆర్ 32768తో నడపండి. ఆట మొత్తాన్ని ఒకేసారి మార్చవద్దు. బొమ్మ గీసే భాగం ఒక్కటే మెషిన్ కోడ్‌లోకి తెచ్చి, పాయింట్ల లెక్కలు, మెనూలు బేసిక్‌లోనే ఉంచి, ఆ ఒక్క భాగం నిలకడగా నడిచిన తరువాతే రెండవదానికి చేయి వేయండి.