రెండు పాస్‌పోర్టులు ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుంది?

పోయిన నెల మా ఇంటికి భోజనానికి వచ్చిన కుర్రాడొకడు చేతులు కడుక్కుంటూ ఒక మాట అడిగాడు. “అన్నయ్యా, సిటిజన్‌షిప్ ఓత్ (పౌరసత్వ ప్రమాణం) అయ్యాక కూడా నా ఇండియన్ పాస్‌పోర్టుకి ఇంకా ఆరేళ్లు గడువుంటుంది. అమెరికన్‌ది ఇక్కడ, మనది అక్కడ వాడుకుంటే ఎవరికి తెలుస్తుంది?”

అతను అమెరికా సిటిజన్ అయిన మన అమ్మాయిని పెళ్లి చేసుకుని గ్రీన్‌కార్డు మీద వచ్చాడు. అందుకని అందరిలా ఐదేళ్లు కాదు, మూడేళ్లకే ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) పెట్టుకోవచ్చు. హెచ్-1బీ మీద వచ్చి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న ఎదురవడానికి చాలా ఏళ్లు పడుతుంది. కెనడాలో పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్లకి తొందరగానే వస్తుంది. అక్కడ ఐదేళ్లలో 1,095 రోజులు ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తెలుస్తుంది. వెళ్లేటప్పుడు కాకపోతే తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. ఓత్ రోజున గ్రీన్‌కార్డు వెనక్కి తీసేసుకుంటారు. ఆ తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు మీద హైదరాబాద్‌లో దిగారనుకోండి. తిరుగు ప్రయాణం రోజున కౌంటర్లో, “అమెరికాకి దేని మీద వెళ్తున్నారు?” అని అడుగుతారు. ఇండియన్ పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా లేదు, చేతిలో గ్రీన్‌కార్డు లేదు. అమెరికన్ పాస్‌పోర్టు తీసి చూపిస్తే అందులో ఇండియా వీసా లేదు, దేశంలోకి వచ్చిన ముద్రా లేదు. ఇక అక్కడ నిలబడి ఏం చెప్తారు? వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నాక ఇండియన్ పాస్‌పోర్టు వాడటం పాస్‌పోర్టుల చట్టం కింద నేరం. వాడకుండా గడువు దాటి దగ్గర పెట్టుకున్నా జరిమానా ఉంటుంది.

చాలామంది, నేనూ మొదట్లో, పొరబడేది ఒక దగ్గర. ఇండియా పౌరసత్వాన్ని మనం ఎప్పుడో తీరిగ్గా వదులుకుంటామని అనుకుంటాం. కానీ అది మన సంతకం కోసం ఆగదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణంలో భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. రాజ్యాంగం 9వ ఆర్టికల్ చెప్పేదీ అదే. తర్వాత కాన్సులేట్‌లో చేసే సరెండర్ అనేది అప్పటికే పోయినదానికి కాగితం పుట్టించుకోవడమే. అమెరికా రెండు పౌరసత్వాలకి అడ్డు చెప్పదు. జర్మనీ కూడా 2024 జూన్ నుంచి ఒప్పుకుంటోంది. దాంతో “ఇక్కడివాళ్లే ఒప్పుకుంటున్నారు కదా” అనుకుంటారు కొత్తవాళ్లు. ఒప్పుకోనిది ఇండియా. అవతలి దేశం ఎంత ఉదారంగా ఉన్నా లాభం లేదు.

నా సంగతి చెప్తాను, నవ్వుకోండి. నేను ఓత్ తీసుకుంది గురువారం. శుక్రవారం ఆఫీసులో అందరికీ మిఠాయిలు పంచాను. శనివారం తెల్లవారుజామున తమ్ముడి ఫోన్: నాన్నకి స్ట్రోక్, విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నారు. చేతిలో ఏముంది? చెల్లని ఇండియన్ పాస్‌పోర్టు. ఇంకా దరఖాస్తు కూడా పెట్టని అమెరికన్ పాస్‌పోర్టు. అంటే రెండు దేశాలుండీ ఏ దేశపు పాస్‌పోర్టూ లేనివాణ్ణి. పాతదాని మీద వెళ్లిపోదామా అని ఆ రాత్రి గట్టిగానే అనిపించింది. మా ఆవిడ వద్దంది. సోమవారం హ్యూస్టన్‌లో పాస్‌పోర్టు ఏజెన్సీకి వెళ్లి ఎమర్జెన్సీ కింద పాస్‌పోర్టు తీసుకున్నాను. ఆ వెంటనే మన కాన్సులేట్‌కి. అక్కడికెళ్లాక తెలిసింది, పాత పాస్‌పోర్టు సరెండర్ చేస్తే గానీ వీసా కదలదని. అన్నీ అయ్యి విజయవాడ చేరేసరికి శుక్రవారం. నాన్న కోలుకున్నారు కాబట్టి ఇప్పుడు తేలిగ్గా చెప్పగలుగుతున్నాను. తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఓత్ తర్వాత కొన్ని వారాలు కదల్లేమని ముందే తెలుసుకోవాల్సింది.

అందుకే వరస ముఖ్యం. ఓత్ తర్వాత ముందు అమెరికన్ పాస్‌పోర్టు, తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్, ఆ సర్టిఫికెట్ పెట్టి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. ఇది మొత్తం వారాల పని, ఒక్కోసారి నెలల పని. ఓసీఐ ఫీజు 275 డాలర్లు. రద్దు ముద్ర వేసిన పాత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేస్తారు, పారేయకండి, తర్వాత చాలా చోట్ల అడుగుతారు.

ఓసీఐ గురించి కూడా ఒక భ్రమ ఉంది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో దీన్ని మొదలుపెట్టినప్పుడు మన పేపర్లు ద్వంద్వ పౌరసత్వం అని రాశాయి. ఆ మాట ఇప్పటికీ జనం నోళ్లలో ఉంది. పేరులో సిటిజన్ అని ఉన్నా అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడటం లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. 2021 మార్చి నుంచి జర్నలిజం, పరిశోధన, మత ప్రచారం, పర్వతారోహణ లాంటివాటికి విడిగా అనుమతి తీసుకోవాలి. ఊళ్లో ఓటర్ల జాబితాలో మీ పేరుంటే తీయించేయండి. “ఉంటే ఉండనీలే” అనే బాబాయిల మాట వినకండి.

పౌరుణ్ణి తన దేశంలోకి రావద్దని ఎవరూ అనలేరు. ఓసీఐ ఉన్నవాణ్ణి అనవచ్చు. తేడా అంతా ఇక్కడే ఉంది. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో పాఠాలు చెప్పే నితాషా కౌల్, కర్ణాటక ప్రభుత్వం పిలిచిన సదస్సుకి వస్తే బెంగళూరు ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపేశారు. మరుసటి ఏడాది ఓసీఐ కూడా రద్దయింది. స్వీడన్‌లో ఉండే ప్రొఫెసర్ అశోక్ స్వైన్ ఓసీఐ రద్దు చేస్తే ఆయన ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. కారణాలు సరిగా చెప్పలేదని 2023 జూలైలో కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అదే నెలలో మళ్లీ రద్దు చేశారు, 2025 మార్చిలో కోర్టు దాన్నీ కొట్టేసింది. వాళ్ల అభిప్రాయాలు నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. తమ వాదన వినిపించే అవకాశం ఇవ్వాలని చట్టంలో ఉంది, కోర్టు ఉంది. కానీ ఆ ఏళ్లన్నీ మనిషి బయటే నిలబడాలి.

మనకి రాజకీయాలతో పనిలేదు కదా అంటారా? 2025 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్ చూడండి. రెండేళ్లు అంతకు మించి జైలు శిక్ష పడినా, ఏడేళ్లు అంతకు మించి శిక్షపడే నేరంలో చార్జిషీటు దాఖలైనా ఓసీఐ రద్దు చేయవచ్చు. చార్జిషీటు చాలు, నేరం రుజువు కానక్కర్లేదు. చీటింగ్ కేసులో ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. అన్నదమ్ముల పొలం తగాదాలో, ఫ్లాటు అమ్మకంలో మొదట పెట్టే కేసు ఏమిటో మన ఊళ్లు తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇండియాలో ఏదైనా కేసు నడుస్తుంటే, ఓత్ కంటే ముందు లాయర్‌ని కలవండి.

పొలం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. సిటిజన్‌షిప్ మారితే సాగుభూమి కొనలేమని భయపడుతుంటారు. నిజానికి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై కూడా కొనకూడదు. ఎన్నారైకి, ఓసీఐకి ఈ విషయంలో ఒకటే రూలు. నాన్నగారు ప్రేమకొద్దీ గిఫ్ట్ డీడ్ రాసిచ్చినా సాగుభూమికి అది కుదరదు. వీలునామా ద్వారానో వారసత్వంగానో వస్తే ఉంచుకోవచ్చు, అక్కడ ఉండే భారతీయులకి అమ్ముకోవచ్చు. ఇళ్లు, ఫ్లాట్లు కొనుక్కోవడానికి ఇబ్బంది లేదు. గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్ దాకా వెళ్లి ఆగినవాళ్లు నాకు తెలుసు. పెద్దవాళ్లతో వీలునామా మాట ఎత్తడం కష్టమే, అయినా ఎత్తండి.

మళ్లీ ఇండియా పౌరసత్వం కావాలంటే? దారి ఉంది. ఓసీఐ వచ్చి ఐదేళ్లయి, దరఖాస్తుకి ముందు పన్నెండు నెలలు ఇండియాలోనే ఉంటే అడగవచ్చు. ఆ పన్నెండు నెలల దగ్గరే వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ చిక్కుకున్నారు. 1993లో జర్మన్ పౌరుడయ్యారు, 2009లో మళ్లీ భారత పౌరసత్వం తీసుకుని ఎమ్మెల్యే అయ్యారు. దరఖాస్తుకి ముందు ఏడాదంతా దేశంలో లేరన్న విషయం దాచారని కేంద్రం ఆ పౌరసత్వం రద్దు చేసింది. కేసు ఏళ్ల తరబడి నడిచి, 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షలు కట్టమంది. అంత పలుకుబడి ఉన్నాయనకే ఫారంలో ఒక గడి పదిహేనేళ్లు వెంటాడింది. ఎన్-400లో అబద్ధం రాస్తే అమెరికా కూడా ఇచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకోగలదని గుర్తుంచుకోండి.

పిల్లల విషయంలో ఇంకో మెలిక. తల్లిదండ్రులు పౌరసత్వం వదులుకుంటే, పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండిన ఏడాదిలోపు తిరిగి అడగవచ్చని చట్టం 8వ సెక్షన్‌లో ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చున్నవాళ్లున్నారు. అది తమంతట తాము ముందుగా వదులుకున్నవాళ్ల పిల్లలకే గానీ, విదేశీ పౌరసత్వం వల్ల 9వ సెక్షన్ కింద పోగొట్టుకున్నవాళ్ల పిల్లలకి వర్తించదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మనలో దాదాపు అందరం ఆ రెండో రకమే.

ఇదంతా విని వద్దనుకోమని నేను అనట్లేదు. 2022 ఒక్క ఏడాదిలోనే 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది, వాళ్లందరికీ వాళ్ల కారణాలుంటాయి. నాకూ ఉన్నాయి. గ్రీన్‌కార్డుతోనే ఉండిపోతే ఏడాది దాటి బయట ఉండటం కష్టం, అమ్మానాన్నల్ని తెచ్చుకోవడానికి అర్హత లేదు. నేను తీసుకున్నందుకు బాధపడట్లేదు. సరెండర్ కౌంటర్లో పాత పాస్‌పోర్టు మూల కత్తిరించినప్పుడు మాత్రం కాసేపు మాట రాలేదు.

ఆ కుర్రాడికి చెల్లెలి పెళ్లి ఫిబ్రవరిలో ఉంది. ఓత్ తేదీ జనవరిలో పడితే ఏం చేయాలని అడిగాడు. నోటీసు తిప్పి పంపుతూ కారణం రాసి తేదీ మార్చమని అడగవచ్చు, చెప్పకుండా మానేయకూడదు అన్నాను. గ్రీన్‌కార్డు మీద, ఇండియన్ పాస్‌పోర్టుతో వెళ్లి పెళ్లి చేసి రమ్మన్నాను. “అయితే అప్పుడు ఇండియన్ క్యూలోనే నిలబడతానా అన్నయ్యా?” అన్నాడు. నిలబడతావు, ఆ ఒక్కసారికి.